మైనరు, మేజరు, నేరమి

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చి పూర్తిగా ఎదురు తిరిగిన మాటల్లో "మైనరు" ఒకటి. పుట్టినచోట దానికి చిన్నవాడు, ఇంకా లెక్కలోకి రానివాడు అని అర్థం. మన పల్లెల్లో మైనరంటే అందరికంటే ముందు కళ్ళబడేవాడు. మల్లుపంచె, సిల్కు జుబ్బా, జుబ్బా మీద పైకి కనిపించేలా వేసుకున్న లావుపాటి బంగారు గొలుసు, చెవిలో అత్తరు దూది, సాయంత్రమయ్యేసరికి పేకాట. వయసు నలభై దాటినా, చెంపలు నెరిసినా, ఊరికి అతను మైనరు బాబే. అతని మెడలోని గొలుసుకి మైనరు గొలుసని పేరు వచ్చింది. బంగారం కొట్లో ఆ పేరు చెబితే ఇప్పటికీ ఎలాంటిది కావాలో ఇట్టే తెలుసుకుంటారు. శోభన్‌బాబు నటించిన 1973 నాటి సినిమాకి 'మైనర్ బాబు' అని పేరు పెట్టినప్పుడు ఏ ప్రేక్షకుడూ దాని అర్థం అడగలేదు.

చిన్నవాడనే మాట ఇలా ఎందుకు మారిందో తెలియాలంటే జమీందారీల కాలానికి వెళ్ళాలి. జమీందారు చనిపోయేనాటికి కొడుకు పసివాడైతే ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతిలోకి పోయేది. మద్రాసు ప్రెసిడెన్సీలో దీనికోసం 1804లోనే ఒక రెగ్యులేషను వచ్చింది, 1902లో దాన్ని సమగ్రమైన చట్టంగా చేశారు. శిస్తు వసూలు, అప్పుల తీరుమానం, పెళ్ళిళ్ళ ఖర్చు అన్నీ సర్కారు మేనేజరు చూసుకునేవాడు. పిల్లవాడికి ఒక ట్యూటరు, మద్రాసులో చదువు, నెలకింత అలవెన్సు. 1875 నాటి మెజారిటీ చట్టం దేశంలో అందరికీ 18 ఏళ్ళకు మైనారిటీ తీరుతుందని చెప్పింది. కోర్టు గార్డియన్ని పెట్టిన పిల్లలకీ, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కింద ఉన్న పిల్లలకీ మాత్రం 21 అని రాసింది. గార్డియన్ ఉన్న పిల్లల గురించిన ఆ నియమం 1999 దాకా పుస్తకంలో ఉంది. ఇరవయ్యొక్కటి నిండిన రోజున, అన్నేళ్ళుగా పొదుపు చేసి ఉంచిన నిల్వ మొత్తం ఒక్కసారిగా కుర్రవాడి చేతికొచ్చేది. ఆ రోజుకోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు చుట్టూ చేరేవాళ్ళు. తర్వాత జరిగిన ఖర్చు ఊరికి గుర్తుండిపోయింది. చట్టం ఇచ్చిన పేరు ఆ ఖర్చుకి అంటుకుంది.

మైనర్లందరూ అలా కరిగిపోలేదు. పిఠాపురం సంస్థానానికి వారసుడు, 1885లో పుట్టిన రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు కూడా చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ సంరక్షణలో పెరిగినవాడే. అధికారం చేతికొచ్చాక ఆ డబ్బు కాకినాడలో అనాథ పిల్లల ఆశ్రమానికీ, తెలుగు టైపు యంత్రానికీ, అన్నిటికీ మించి సూర్యరాయాంధ్ర నిఘంటువుకీ వెళ్ళింది. ఇవాళ తెలుగు మాట పుట్టుపూర్వోత్తరాలు చూడాలనుకున్న ఎవరైనా తెరిచే ఆ పుస్తకం ఒకప్పటి మైనరు చలవే. మైనరు అన్న మాటకి లోకం పెట్టిన అర్థం చూసి ఒక మనిషిని అంచనా వేయడం ఎంత తప్పో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు.

ఈ మాట హత్యకేసులోకి కూడా ఒకసారి నడిచింది. 1919లో మద్రాసు న్యూయింగ్టన్ భవనంలో, మైనరు జమీందారులకు చదువు చెప్పే సంస్థకు ప్రిన్సిపాలుగా ఉన్న డి లా హే అనే ఇంగ్లీషు దొరని రాత్రి నిద్రలో ఉండగా తుపాకీతో కాల్చి చంపారు. తమిళ దేశపు జమీలకు చెందిన ఇద్దరు విద్యార్థుల మీదికి కేసు వెళ్ళింది. ఒకరు అప్రూవరుగా మారారు. రెండోవారి విచారణ బొంబాయికి మార్చారు, జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. ఎవరు చేశారన్నది నా చర్చ కాదు. సొంత పొలం కౌలుకిచ్చే కాగితం మీద సంతకం చెల్లని కుర్రవాళ్ళు, ఉరిశిక్ష పడగల కేసులో పెద్దవాళ్ళ కోర్టులోనే నిలబడ్డారు. ఆస్తి విషయంలో చిన్నవాడు, ప్రాణం విషయంలో పెద్దవాడు. ఈ రెండు కొలతలూ వేరువేరుగా నడుస్తున్నాయని అప్పుడెవరూ విడ్డూరపడినట్టు లేదు.

నిజానికి మైనరు, మేజరు అన్నవి మొదటినుంచీ ఆస్తి కొలిచే మాటలే. పాత దస్తావేజులు చూడండి. "మైనరు కుమారుడు ఫలానా, గార్డియను తల్లి ఫలానా" అని కక్షిదారుల పేర్లు ఉంటాయి. ఆ మైనరు అక్కడ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. అతని వాటా ఎవరూ కాజేయకూడదని ఆ మాట కాపలా ఉంది. మన ఊళ్ళకే ఈ లెక్క వేశారు. ఆదాయం ఎక్కువున్న ఊరు మేజరు పంచాయతీ, తక్కువున్నది మైనరు పంచాయతీ. నీరు ఎక్కువ పారేది మేజరు కాలువ, దాని నుంచి చీలేది మైనరు కాలువ. ఎక్కడ చూసినా ఎంత ఉంది, ఎంత పారుతుంది అన్నదే. తెలివి ఎంత, తప్పొప్పుల ఎరుక ఎంత అన్న ప్రశ్న ఈ మాటలో లేదు.

1903లో ప్రివీ కౌన్సిల్ చెప్పిన తీర్పు ఒకటి లా చదివిన ప్రతివాళ్ళకీ మొదటి ఏడాదిలోనే వస్తుంది. కలకత్తాలో వయసు చాలని ఒక కుర్రవాడు 20,000 రూపాయలకు ఇల్లు తాకట్టు పెట్టాడు. తాను మేజరునేనని కాగితం కూడా రాసిచ్చాడు. అయినా ఆ తాకట్టు మొదటి నుంచీ చెల్లదని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. పిల్లవాడితో ఒప్పందం అసలు ఒప్పందమే కాదంది. ఇవాళ్టికీ అదే చట్టం. పదిహేడేళ్ళ కుర్రవాడు సెంటు భూమి అమ్మలేడు, ఓటు వెయ్యలేడు, పెళ్ళి చేసుకోలేడు. అతని మాటకి విలువ కట్టడానికి లోకం ఒప్పుకోదు. అదే కుర్రవాడు ఘోరమైన పని చేస్తే మాత్రం, వాడికి అన్నీ తెలుసు, పెద్దవాడికిందే లెక్క అంటాం.

2022 మేలో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఒక బాలికపై జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత మన పేపర్లలో పదే పదే కనిపించిన వాక్యం "మైనర్లను మేజర్లుగా పరిగణించాలి" అన్నది. నిందితుల్లో ఐదుగురు పద్ధెనిమిది నిండనివాళ్ళు. వాళ్ళలో నలుగురిని పెద్దవాళ్ళుగా విచారించవచ్చని జువైనల్ జస్టిస్ బోర్డు ఆ సెప్టెంబరులో చెప్పింది. వారిలో ఒకరి విషయంలో తర్వాత హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా కోపం కనిపించింది. కోపానికి కారణం ఉంది, ఆ బాలిక పడింది మాటలకందే బాధ కాదు. అయితే ఆ వాక్యంలో ఒక మాట దగ్గర మనం ఆగాలి. పరిగణించడం అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు లెక్కపెట్టడం. పదహారును పద్ధెనిమిదిగా పరిగణించడంలో లెక్కపెట్టడం లేదు, అనుకోవడమే ఉంది. చట్టానికి ఇలాంటి అనుకోలు అవసరమే, దత్తుకొడుకుని కన్నకొడుకుగా అనుకుంటుంది. కాని దత్తత పిల్లవాడికి ఒక ఇల్లు ఇస్తుంది. ఈ అనుకోలు అతనికి ఉన్న కాస్త నీడనీ తీసేస్తుంది.

బాలుడికీ పెద్దవాడికీ మధ్య గీత మన పాతవాళ్ళు ఎక్కడ గీశారన్నది చూస్తే ఒకచోట కాదు, పలుచోట్ల కనబడుతుంది. వాళ్ళ మాట "వ్యవహారం". ఇవాళ మనం డబ్బు వ్యవహారం, కోర్టు వ్యవహారం అంటున్నది అదే. న్యాయస్థానం ముందు నిలబడి తన తరఫున తాను మాట్లాడగలగడం దాని అసలు అర్థం. ఆ అర్హత వచ్చినవాడు ప్రాప్తవ్యవహారుడు. కౌటిల్యుడు ఆడపిల్లకి పన్నెండు, మగపిల్లవాడికి పదహారు అన్నాడు. నారదస్మృతి ఎనిమిదేళ్ళ లోపు బిడ్డని కడుపులో ఉన్న బిడ్డతో సమానంగా చూడమంది. ఎనిమిది నుంచి పదహారు దాకా బాలుడు. ప్రాయశ్చిత్తాల దగ్గరికి వచ్చేసరికి పదహారు నిండని బాలుడికీ, ఎనభై దాటిన వృద్ధుడికీ, రోగికీ విధించినదాంట్లో సగమే అన్నారు. ఈ స్మృతులు కులాన్ని బట్టి శిక్ష మార్చిన గ్రంథాలని నాకు తెలుసు, వాటిని నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. నన్ను ఆపిన సంగతి ఆ "సగం". పూర్తి శిక్షా, అసలు లేకపోవడమా అన్న రెండు దారులే కాకుండా మధ్యలో ఒక మెట్టు ఉండాలని వాళ్ళకి తోచింది.

ఈ గీత ఎందుకు గీయాల్సి వచ్చిందో చెప్పే కథ భారతం ఆదిపర్వంలో ఉంది. మన నన్నయ కూడా చెప్పాడు. మాండవ్యుడు మౌనవ్రతంలో ఉండగా దొంగలు సొమ్ముతో అతని ఆశ్రమంలో దాక్కున్నారు. రాజభటులు అడిగితే ముని పలకలేదు. అతన్నీ దొంగల్లో ఒకడిగా లెక్కగట్టి శూలానికి ఎక్కించారు. ప్రాణం పోలేదు. తర్వాత నిజం తెలిసి రాజు క్షమాపణ వేడుకుని దింపబోతే శూలం ఊడి రాలేదు, పైన కోసేసి మొన లోపలే వదిలేశారు. ఆ మొన ఒంట్లో ఉంచుకుని తిరిగినందుకే అణిమాండవ్యుడయ్యాడు. ఆయన యమధర్మరాజు దగ్గరికి వెళ్ళి, నేనేం చేశానని నాకీ శిక్ష అని అడిగాడు. చిన్నప్పుడు నువ్వు తూనీగల్ని పట్టి పుల్లలు గుచ్చావు, దాని ఫలం ఇది అన్నాడు ధర్ముడు.

తూనీగ తోకకి దారం కట్టి ఎగరేయడం, పుల్ల గుచ్చడం మన ఊళ్ళలో చెరువుగట్టు మీద ఆడని పిల్లవాడు ఉండడు. దాని రెక్కలు వేళ్ళ మధ్య గిలగిల్లాడుతుంటే పిల్లవాడి మొహంలో కనిపించేది క్రౌర్యం కాదు, ఆశ్చర్యం. బాధ అక్కడ ఉంది, దానికి తాను కారణమన్న ఎరుక మాత్రం ఇంకా లేదు. ఆ తేడా ధర్మరాజుకి పట్టలేదు. పట్టీలో పని ఉంది, పనికి ఫలం ఉంది, అంతే. మాండవ్యుడికి కోపం వచ్చి ఆయన్ని మనిషిగా పుట్టమని శపించాడు. ధర్ముడు దాసీ కడుపున విదురుడై పుట్టింది ఆ శాపం వల్లే. ఆ కోపంలోనే ముని ఒక కట్టుబాటు పెట్టాడు. పద్నాలుగేళ్ళ వరకూ ఎవరేం చేసినా అది పాతకం కాదు, ఆ పైన చేసినవాళ్ళకే దోషం.

ఈ కథలో హద్దు పెట్టింది రాజు కాదు, ధర్మశాస్త్రకారుడు కాదు. బాల్యపు తప్పుకి పెద్దల శిక్ష అనుభవించి, ఆ శూలం మొన ఇంకా ఒంట్లో ఉన్నవాడు. న్యాయదేవత తప్పు చేసిందని చెప్పి, ఆ దేవతనే శపించి మరీ పెట్టాడు. మన సాహిత్యంలో బాలల న్యాయం అన్నదానికి ఇంతకంటే పాత, ఇంతకంటే గట్టి వాంగ్మూలం నాకు కనబడలేదు.

ఇంగ్లీషు ప్రభుత్వపు శిక్షాస్మృతి 1860లో ఏడేళ్ళ లోపు పిల్లలకి నేరమే లేదంది, ఏడు నుంచి పన్నెండు మధ్యవాళ్ళకి తాము చేసిందేమిటో తెలుసుకునే పరిణతి లేకపోతే లేదంది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అవే సంఖ్యలు ఉన్నాయి. పన్నెండు దాటినవాళ్ళని ఏం చెయ్యాలన్నదానికి వేరే చట్టాలు వచ్చాయి, బాలల చట్టాలని పేరుపడ్డవాటిలో తొలిది మన మద్రాసు ప్రెసిడెన్సీ 1920లో చేసింది. 1986 చట్టంలో మగపిల్లలకి పదహారు, ఆడపిల్లలకి పద్ధెనిమిది. 2000లో ఇద్దరికీ పద్ధెనిమిది చేశారు.

2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీ బస్సులో ఒక యువతిపై జరిగిన సామూహిక అత్యాచారంలో ఆరుగురు నిందితుల్లో ఒకడికి పద్ధెనిమిది నిండడానికి కొద్ది నెలలే తక్కువ. చట్టప్రకారం అతనికి పడింది ప్రత్యేక గృహంలో మూడేళ్ళు. ఆ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ వయసు తగ్గించవద్దని 2013 జనవరిలోనే చెప్పింది. సుప్రీంకోర్టు ఆ ఏడాదే వయసు మార్చడానికి ఒప్పుకోలేదు. 2015లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా వద్దనే చెప్పింది. అతను ఆ డిసెంబరు 20న విడుదలయ్యాడు. దేశం అట్టుడికింది. 22న రాజ్యసభ కొత్త బిల్లుని ఆమోదించింది. కనీసం ఏడేళ్ళ శిక్ష పడే ఘోరనేరం చేశారన్న ఆరోపణ ఉన్న పదహారు, పద్ధెనిమిది మధ్య వాళ్ళని పెద్దవాళ్ళుగా విచారించే దారి అలా తెరుచుకుంది.

బిడ్డని పోగొట్టుకున్న తల్లి వేసే ప్రశ్న ఒకటి ఉంది. వాడి వయసు ఆరు నెలలు తక్కువైతే నా బిడ్డ బాధ ఆరు నెలల మేరకు తగ్గిందా అని. దీన్ని తప్పించుకునే హక్కు ఎవరికీ లేదు. తగ్గలేదు. ఆ తల్లికి మూడేళ్ళ శిక్ష ఎగతాళిలా కనిపిస్తే తప్పు ఆమెది కాదు. మూడేళ్ళు చాలవంటే ఐదు చెయ్యండి, ఏడు చెయ్యండి, ఇరవై మూడు నిండేదాకా ప్రత్యేక గృహంలో ఉంచి ప్రతి ఏడాదీ సమీక్షించండి. దానికి నేను అడ్డు చెప్పను. నా అభ్యంతరం కాలం మీద కాదు, ఆ గది మార్పు మీద. బాలుడిగా ఉన్నవాడిని ఒక కాగితంతో పెద్దవాడని పిలిచి, వేరే తలుపులోంచి పంపడం మీద.

ఆ కాగితం ఎలా పుడుతుందో చూడాలి. జువైనల్ జస్టిస్ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వారిలో ఒకరైనా మహిళ. గదిలో ఎత్తైన వేదిక ఉండకూడదు, బోను ఉండకూడదు, పోలీసులు మామూలు బట్టల్లో రావాలి, పిల్లవాడికి బేడీలు వెయ్యకూడదు. అలాంటి గదిలో ముగ్గురు కూర్చుని మూడు సంగతులు తేల్చాలి. ఈ పని చెయ్యగలిగే మానసిక, శారీరక శక్తి వాడికి ఉందా, పర్యవసానాలు తెలుసుకోగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడంటున్నారు. గడువు మూడు నెలలు. నేరం చేశాడో లేదో ఇంకా రుజువు కాలేదు. అదే 2015 చట్టం మూడో సెక్షనులో, పద్ధెనిమిది నిండేదాకా ప్రతి బిడ్డనీ దురుద్దేశం లేనివాడిగా భావించాలని రాసి ఉంది. ఆ భావనా, ఈ పరీక్షా ఒకే పుస్తకంలో ఎలా కాపురం చేస్తాయో నాకు అంతుపట్టదు.

పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అంటాం. ఉండేలు ఎలా ఉంటుందో పిల్లకాకికి తెలియక కాదు, రోజూ చూస్తూనే ఉంటుంది. దెబ్బ అంటే ఏమిటో తెలియదు. పదహారేళ్ళ కుర్రవాడిని చంపితే ఏమవుతుందని అడిగితే చనిపోతాడు, జైల్లో వేస్తారు అని చెబుతాడు. అది తెలియడం వేరు, నలుగురు స్నేహితులు రెచ్చగొడుతున్న నిమిషంలో ఆ తెలివి చేతికి అడ్డుపడడం వేరు. గురుగ్రామ్ బడిలో చిన్నపిల్లవాడి హత్యకేసులో, పదహారేళ్ళ విద్యార్థి మీద ఆరోపణ వచ్చినప్పుడు సుప్రీంకోర్టు 2022 జూలైలో దాదాపు ఈ మాటే చెప్పింది. పర్యవసానాలంటే అప్పటికప్పుడు జరిగేవి మాత్రమే కావు, బాధితులకీ, వాళ్ళ కుటుంబానికీ, తన జీవితానికీ ముందు ముందు ఏమవుతుందన్నది కూడా అని. బోర్డులో బాలల మనస్తత్వం చదివినవాళ్ళు లేకపోతే నిపుణుల సాయం తప్పక తీసుకోవాలని కూడా అంది. మంచి తీర్పు. కాని ఆ కొలతతో నిజాయితీగా కొలిస్తే పెద్దవాళ్ళుగా తేలే పదహారేళ్ళవాళ్ళు ఎంతమంది మిగులుతారు?

ఇక్కడ "నేరము" అన్న మన మాట దగ్గరికి రావాలి. సంస్కృతంలో పాతకం అంటే పడేసేది. అపరాధం అంటే దారి తప్పి చేసింది. ఉర్దూలో జుర్మ్, దాని నుంచే మన జరిమానా వచ్చింది. నేరము మాత్రం అచ్చ తెలుగు. పాత తెలుగులో "నేర్చు" అంటే తెలుసుకోవడం, చేతనవడం రెండూ. దానికి వ్యతిరేకరూపాలు నేరను, నేరడు. "చెప్పనేరను" అంటే చెప్పడం నాకు చేతకాదు. వీటి పక్కనే "నేరమి" అనే నామవాచకం ఉంది. తెలియనితనం, చేతకానితనం అని ఒక అర్థం. తప్పు అని ఇంకో అర్థం. నేరము ఈ కుదురులోంచే వచ్చిందని నా నమ్మకం. నేర్పుకి ఎదురుగా నిలబడ్డ మాట అది.

మాట పుట్టుక చూసి తీర్పు చెప్పాలని నేను అనను. అలా అంటే దొంగలంతా చదువురానివాళ్ళేనా అని ఎవరైనా అడగవచ్చు, వాళ్ళు అడగడం న్యాయమే. నలభై ఏళ్ళ మనిషి చేసిన నేరానికి నేరమి సమాధానం కాదు. ఆయనకి నేర్చుకునేందుకు లోకం కావలసినంత కాలం ఇచ్చింది. పదహారేళ్ళవాడి దగ్గర మాత్రం ఈ మాట తన పాత బలంతో నిలబడుతుంది. నేర్చుకోలేదు అనగానే నేర్పవలసినవాళ్ళెవరన్న ప్రశ్న వెంటనే వస్తుంది. పుణేలో 2024 మేలో పదిహేడేళ్ళవాడు నడిపిన ఖరీదైన కారు ఇద్దరి ప్రాణాలు తీసినప్పుడు, బెయిలు షరతుల్లో 300 మాటల వ్యాసం రాయమన్నారని తెలిసి దేశం మండిపడింది. ఆ మంట నాకు అర్థమైంది. అయితే ఆ కారు తాళాలు ఎవరిచ్చారన్న ప్రశ్న కూడా అంతే గట్టిగా వినబడాలి. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఎ సెక్షను ఆ ప్రశ్న అడుగుతుంది. పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే గార్డియనుకో, బండి యజమానికో మూడేళ్ళదాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. పాత మైనరు బాబుల చుట్టూ చేరినవాళ్ళని ఏ చట్టమూ అడగలేదు. ఇది ఆ మాత్రం ముందడుగు.

ఇంకో సంగతి, పేదవాడికి సంబంధించింది. వయసు మీదే అంతా ఆధారపడితే, ఆ వయసు ఏ కాగితంలో ఉంది? చట్టం మొదట బడి సర్టిఫికెట్టు లేదా పదో తరగతి సర్టిఫికెట్టు చూడమంటుంది, లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన పత్రం, అదీ లేకపోతే ఎముకల పరీక్ష. మన పల్లెల్లో ఒక తరం మొత్తం పుట్టినతేదీలు బడిలో చేర్చుకునే రోజున అయ్యవారు రాసినవే. జూన్ నెలకి అయిదేళ్ళు నిండేలా వెనక్కి లెక్క కట్టి వేసిన తేదీలవి. ఎప్పుడు పుట్టాడమ్మా అంటే, ఉప్పెన వచ్చిన ఏడాది, వాన కురుస్తుండగా పుట్టాడని తల్లి చెబుతుంది. అయ్యవారి కలం ఆరు నెలలు అటు జరిగితే బాలుడు, ఇటు జరిగితే పెద్దవాడు. ఆ తేదీ కూడా రాయని, బడి గడప ఎక్కని పిల్లవాడి సంగతి ఇంకా అధ్వానం.

పుణేలోనే 1994లో జరిగిన సామూహిక హత్యల కేసులో ఒక వలస కార్మికుడికి ఉరిశిక్ష వేశారు. రాజస్థాన్‌లోని అతని సొంత ఊరి బడి రిజిస్టరు బయటికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. దాంట్లో అతని పేరు కొద్దిగా వేరుగా ఉంది. కోర్టు రికార్డుల్లో ఉన్న పేరు, బడిలో ఉన్న పేరు ఒక్కరివేనా అన్నది విచారించి తేల్చాల్సి వచ్చింది. ఒక్కరివేనని, ఘటన నాటికి అతనికి పన్నెండున్నర ఏళ్ళని తేలింది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు అతన్ని విడిచిపెట్టమంది. అప్పటికి అతను జైల్లో గడిపింది 28 ఏళ్ళకు పైన. పెద్దవాడిగా పరిగణించడం అంటే ఏమిటో నాకు ఆ కేసు చెప్పినంత స్పష్టంగా ఏ వాదనా చెప్పలేదు.

ఈ మధ్య చట్టం భాష మార్చింది. "బాల నేరస్థుడు" అనకుండా "చట్టంతో ఘర్షణపడిన బాలుడు" అనమంటుంది. చదవడానికి బరువుగా ఉందని చాలామంది విలేఖరులు దాన్ని పక్కన పెట్టి మళ్ళీ పాతమాటకే వెళ్తారు. హైదరాబాద్ సైదాబాద్‌లోని బాలల హోంలో ఉన్న పిల్లల గురించి రాసేటప్పుడు కూడా అదే. బరువు సంగతి ఒప్పుకుంటాను, కాని పాతమాటలో జరుగుతున్నదేమిటో గమనించాలి. నేరము తెలుగు, స్థ సంస్కృతం, రెంటినీ కలిపి కట్టారు. స్థ అంటే అందులోనే ఉండేవాడు. ఇంట్లో ఉండేవాడు గృహస్థుడు, ఒడ్డున ఉండిపోయేవాడు తటస్థుడు. నేరస్థుడు అంటే నేరంలో కాపురం ఉండేవాడు. నేరం చేసినవాడికీ, నేరస్థుడికీ మధ్య ఎంత దూరం ఉందో తెలుగు చదువుకున్న ఎవరికైనా చెప్పనక్కర్లేదు. మొదటిది ఒక పని, రెండోది ఒక చిరునామా.

2015 చట్టంలో 24వ సెక్షను ఆ చిరునామా గురించే. బాలుడిగా విచారణ జరిగిన పిల్లవాడికి ఆ తీర్పువల్ల ఏ అనర్హతా అంటకూడదు, అప్పీలు గడువు తీరాక రికార్డులు నాశనం చెయ్యాలి. ఉద్యోగం దరఖాస్తులో "మీ మీద ఎప్పుడైనా నేరం రుజువైందా" అన్న గడి దగ్గర అతను లేదని రాయవచ్చు. పదహారు దాటి, పెద్దవాడిగా విచారించినవాడికి ఉరి ఉండదు, విడుదలకి అవకాశమే లేని యావజ్జీవం ఉండదు, ఇరవయ్యొకటి నిండేదాకా మామూలు జైలుకి పంపరు. ఆ వయసు వచ్చినప్పుడు మారాడా లేదా అని కోర్టు మళ్ళీ చూస్తుంది, మారాడనిపిస్తే విడిచిపెట్టవచ్చు కూడా. ఇవన్నీ చట్టం మిగిల్చిన దయ, కాదనను. కాని 24వ సెక్షను అతనికి వర్తించదు. ఇరవయ్యొకటి నిండాక, మారాడని కోర్టే ఒప్పుకుని ఇంటికి పంపినవాడి రికార్డు కూడా కోర్టు బీరువాలోనే ఉంటుంది. ఏ కండక్టరు ఉద్యోగానికో, గుమాస్తా ఉద్యోగానికో దరఖాస్తు పెట్టినప్పుడు ఆ గడిలో అతను అవునని రాయాలి.